ఇంకు లోపలికి ఇంకుతుందా, పైనే ఉంటుందా? ప్రింటింగ్ కొటేషన్ వెనుక కాగితం లెక్క

మా కాక రిటైరైన తెలుగు పంతులు. రెండేళ్లు తిరిగి మా ఊరి చెరువులు, గుళ్లు, గడీ ముచ్చట్లన్నీ పోగుచేసి 160 పేజీల పుస్తకం తయారుచేశాడు. 500 కాపీలు వేయిద్దామని హన్మకొండలో రెండు, వరంగల్‌లో ఒకటి, మూడు ప్రెస్సులు తిరిగి మూడు కొటేషన్లు తెచ్చాడు. మొదటి దాంట్లో "70 జీఎస్ఎం మాప్‌లిథో, ఎన్ఎస్" అని ఉంది. రెండో దాంట్లో "18.6 కేజీ మాప్‌లిథో". మూడో దాంట్లో "90 ఆర్ట్, మ్యాట్". మూడింటికీ మూడు ధరలు. "ఏందిరా ఇది, పుస్తకమా కూరగాయలా? కిలోల లెక్క ఏంది?" అన్నాడు.

తమాషా ఏమిటంటే, ఆ మొదటి రెండు కొటేషన్లలో ఉన్నది ఒకే బరువు మాప్‌లిథో, అంటే పుస్తకాలకు ఎక్కువగా వాడే పూత లేని కాగితం. పేరే వేరు. మూడోది మాత్రం అసలు వేరే జాతి, పైన పూత పూసిన ఆర్ట్ కాగితం. ఈ తేడా తెలియకపోతే ధరలు పక్కపక్కన పెట్టి చూసినా లాభం లేదు.

70 అన్నా 18.6 అన్నా ఒకటే ఎట్లా?

జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. జిరాక్స్ సెంటర్లో వాడే ఏ4 కాగితం తీసుకుంటే లెక్క తేలిక. పదహారు ఏ4 లు పక్కపక్కన పరిస్తే ఒక చదరపు మీటరు అవుతుంది. కాగితం 80 జీఎస్ఎం అయితే ఆ పదహారూ కలిపి 80 గ్రాములు, ఒక్కోటి 5 గ్రాములు. 500 షీట్ల రీము రెండున్నర కిలోలు.

పుస్తకాల ప్రెస్సుకు వచ్చేది ఏ4 కాదు, పెద్ద షీటు. ఎక్కువగా వాడేది డబుల్ డెమీ, అంటే 23 × 36 అంగుళాలు, సుమారుగా 58.5 × 91 సెంటీమీటర్లు. ఆ షీటు వైశాల్యం 0.532 చదరపు మీటర్లు. 70 జీఎస్ఎం అయితే ఒక్క షీటు 37.26 గ్రాములు, 500 షీట్ల రీము 18.6 కిలోలు. పాతకాలపు వ్యాపారం రీము తూకం మీద నడిచింది కాబట్టి "18.6 మాప్‌లిథో" అనే మాట ఇంకా బతికే ఉంది.

చిక్కు ఒకటుంది. 18.6 అంటే 70 జీఎస్ఎం కావడం ఆ సైజుకే. 20 × 30 అంగుళాల డబుల్ క్రౌన్ షీట్లో 70 జీఎస్ఎం రీము పదమూడున్నర కిలోలే తూగుతుంది. అదే సైజులో 18.6 కిలోల రీము అంటే అది 96 జీఎస్ఎం దాకా ఉండే మందపాటి కాగితం. సైజు చెప్పని కిలోల అంకెకు అర్థం లేదు. జీఎస్ఎంకు ఆ బాధ లేదు.

ఇప్పుడు కాక పుస్తకం. డెమీ 1/8 సైజు, అంటే మనం మామూలుగా చూసే ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాల పుస్తకం. ఒక డబుల్ డెమీ షీటులో ఇవి 16 ఆకులు పడతాయి, ఆకుకు రెండు పేజీల లెక్కన 32 పేజీలు. 160 పేజీలకు కాపీకి ఐదు షీట్లు. 500 కాపీలకు 2,500 షీట్లు, సరిగ్గా ఐదు రీములు, 93 కిలోలు. మిషన్ మీద రంగు కుదిరేదాకా పాడయ్యే షీట్లు దీనికి అదనం. అదే 80 జీఎస్ఎం అయితే 106 కిలోల పైచిలుకు. లెక్క కోసం కిలో వంద రూపాయలనుకుంటే తేడా సుమారు 1,330 రూపాయలు. కాపీకి రెండు రూపాయల అరవై ఆరు పైసలు. "70 కాదు, 80 వేయండి" అన్న మాటతో పెరిగే ఖర్చు ఇంతే. దానికి మించి కొటేషన్ పెరిగిందంటే కారణం ఇంకెక్కడో ఉంది.

పేజీల సంఖ్య కూడా ఇక్కడే ముడిపడి ఉంది. ప్రెస్సువాళ్లు ఫారం అనేది ఈ సైజులో 16 పేజీల కట్ట. 160 పేజీలంటే పది ఫారాలు. కాక ముందుమాట ఇంకో రెండు పేజీలు పెంచితే 162. ఆ రెండు పేజీల కోసం మిషన్ మళ్లీ ఎక్కాలి, ప్లేటు మళ్లీ కావాలి. చాలా పుస్తకాల చివర ఖాళీ పేజీలు ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిపోతుంది.

బరువు ఎక్కువైతే మందం ఎక్కువ కావాలని లేదు

90 ఆర్ట్ కాగితం 70 మాప్‌లిథో కంటే మందంగా ఉంటుందని కాక అనుకున్నాడు. నేనూ ఒకప్పుడు అట్లాగే అనుకున్నాను. నిజానికి పలచగా ఉంటుంది. కాగితంలో గుజ్జు నారల మధ్య గాలి ఉంటుంది. మాప్‌లిథోలో ఆ గాలి ఎక్కువ. ఆర్ట్ కాగితం మీద ఖనిజపు పొడి పూసి, రోలర్ల మధ్య గట్టిగా నలిపి నున్నగా చేస్తారు కాబట్టి గాలి పోయి బరువు మిగులుతుంది. 70 మాప్‌లిథోలో 160 పేజీల పుస్తకం అట్టలు కాకుండా దాదాపు 7 మిల్లీమీటర్లు ఉంటుంది, 170 గ్రాములు తూగుతుంది. అదే 90 ఆర్ట్‌లో వేస్తే మందం 6 మిల్లీమీటర్లకు దిగుతుంది, బరువేమో 217 గ్రాములకు ఎక్కుతుంది. చేతికి బరువు, కంటికి పలచన.

చేర్యాల బొమ్మ, ఆర్ట్ కాగితం: రెండింటిదీ సుద్ద పనే

ఆర్ట్ పేపర్ అనే పేరు విని అదేదో బొమ్మలు గీసుకునే కాగితం అనుకుంటారు. దాని కిటుకు మన చేర్యాల నకాశీ కళాకారులకు ఎప్పటినుంచో తెలిసిందే. ఖద్దరు బట్ట మీద నేరుగా రంగు వేస్తే దారంలోకి పీల్చుకుపోతుంది, గీత చెదిరిపోతుంది. అందుకే గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంక నీళ్లు కలిపి బట్టకు మూడుసార్లు పూస్తారు. ఆరినాక బట్ట కాస్తా నున్నటి గోడలా తయారవుతుంది. రంగు పైనే నిలుస్తుంది, సన్న గీత సన్నగానే ఉంటుంది. కాగితం మిల్లు చేసేదీ ఇదే పని. కాల్షియం కార్బొనేట్ లేదా చైనా క్లే పొడిని జిగురుతో కలిపి కాగితానికి రెండు వైపులా పూస్తుంది. మెరుపు తేలేలా రుద్దితే గ్లాసీ, మెరుపు లేకుండా వదిలితే మ్యాట్.

కాబట్టి ఇన్ని పేర్ల వెనుక అసలు తేడా ఒక్కటే: పూత ఉందా, లేదా. పూత లేని కాగితంలోకి ఇంకు ఇంకుతుంది. పూత ఉన్న దానిమీద ఇంకు పైనే కూర్చుంటుంది. ఫొటో మెరుపు, అక్షరం పదును, ఆరే టైము, చేతికి అంటుకోవడం, అన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

పూత లేని వాటిలో అడుగున ఉండేది న్యూస్‌ప్రింట్. కట్టెను ఎక్కువగా యంత్రాలతోనే నూరి చేసే గుజ్జు అది. కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం అందులోనే ఉండిపోతుంది కాబట్టి ఎండకు, గాలికి పచ్చబడుతుంది. దాని పైమెట్టు క్రీమ్‌వోవ్, నోటుబుక్కుల్లో ఎక్కువగా కనిపించేది. ఆ పైన మాప్‌లిథో. మన తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం దీనిమీదే వస్తాయి. దాంట్లోనే ఎన్ఎస్ అంటే నేచురల్ షేడ్, మీగడ రంగు. హైబ్రైట్ అంటే తెల్లగా మెరిసేది. పూత ఉన్న ఆర్ట్ పేపర్ 90 నుంచి 170 జీఎస్ఎం దాకా లోపలి పేజీలకు, బ్రోచర్లకు వాడతారు. ఆర్ట్ కార్డ్ 200 దాటి 300 దాకా, పుస్తకం అట్టకు, పెళ్లికార్డుకు.

ఇంతా చేసి ఈ కాగితం మనకు పరాయిది కాదు. సిర్పూర్ మిల్లు 1938లో నిజాం కాలంలో మొదలై, 1942లో కాగితం తీసింది. కాగజ్‌నగర్ అనే పేరే ఆ కాగజ్ నుంచి వచ్చింది. 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చింది. భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ మిల్లు ఉంది. పొలం గట్ల మీద, గుట్టల పక్కన కనిపించే జామాయిల్, సుబాబుల్ తోటల్లో చాలా భాగం చివరికి చేరేది గుజ్జుకే. ఒక్క మాట, ములుగు జిల్లా కమలాపురం ఫ్యాక్టరీని కూడా పేపర్ మిల్లు అనే పిలిచేవాళ్లు మా వైపు. అక్కడ తీసింది రేయాన్ గుజ్జు, బట్టల దారానికి పోయేది.

ఇంకు ఎట్లా ఆరుతుంది?

పుస్తకాల ప్రెస్సుల్లో ఎక్కువగా నడిచేది ఆఫ్‌సెట్ పద్ధతి. ఆ ఇంకు పెన్ను ఇంకులా నీళ్లది కాదు. చిక్కగా, జిడ్డుగా, దాదాపు గ్రీజులా ఉంటుంది. రంగు పొడి, నూనె, రెసిన్ కలిసిన ముద్ద. నూనె, నీళ్లు కలవవు అన్న చిన్న సూత్రం మీదే ఆఫ్‌సెట్ మొత్తం నడుస్తుంది: ప్లేటు మీద అచ్చు పడాల్సిన చోట నూనె ఇంకు పట్టుకుంటుంది, ఖాళీ చోట నీటి తడి దాన్ని రానివ్వదు.

ఈ ఇంకు రెండు రకాలుగా ఆరుతుంది. ఒకటి, నూనె కాగితంలోకి దిగిపోవడం. రెండు, మిగిలింది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటం. పొద్దున పేపరు చదివినాక వేళ్లు నల్లబడతాయి కదా, ఆ ఇంకు ఆరేది మొదటి పద్ధతిలోనే. ఎన్ని రోజులైనా పూర్తిగా గట్టిపడదు. పేపర్లో కట్టిన మిర్చి బజ్జీ నూనెకు ఆ ఇంకు కరిగి అంటుకుంటుంది. తినే పదార్థాలను న్యూస్ పేపర్లలో చుట్టకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనల్లో పెట్టింది ఇందుకే. బజ్జీ బండి దగ్గర ఆ నిబంధన ఎంత నడుస్తుందో మనకు తెలుసు.

ఆర్ట్ కాగితం మీద ఎక్కువ పని రెండో పద్ధతిదే, దానికి గంటలు పడుతుంది. ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. కొన్నేళ్ల కింద ఒక బడి వార్షికోత్సవం సంచిక బాధ్యత నామీద పడింది. లోపల అంతా మ్యాట్ ఆర్ట్, పేజీ నిండా ముదురు ఫొటోలు. జులై నెల, ముసురు పట్టి ఉంది. ఫంక్షన్ రేపే అనే టెన్షన్లో రాత్రి అచ్చయిన షీట్లను పొద్దున్నే మడత పెట్టించి కటింగ్ చేయించాను. కట్ట విప్పి చూస్తే హెడ్మాస్టరు గారి ముఖం ఎదుటి పేజీలో ఉన్న కవిత మీద నీడలా పడి ఉంది. ప్రెస్సు భాషలో దీన్ని సెట్ ఆఫ్ అంటారు. తడి ఆరని ఇంకు పై షీటు వెనుకకు అంటుకోవడం. దీన్ని ఆపడానికే మిషన్ మీద షీట్ల మధ్య పిండిలాంటి సన్నపొడి చల్లుతారు. కానీ ఇంకు మరీ ఎక్కువైతే, గాలిలో తేమ మరీ ఉంటే పొడి ఒక్కటే కాపాడలేదు.

ఎంత ఇంకు ఎక్కువ అన్నదానికీ లెక్క ఉంది. నీలి, గులాబి, పసుపు, నలుపు, ఒక్కోటి 100 శాతం వేస్తే మొత్తం 400. న్యూస్‌ప్రింట్ 240 దాకా మోస్తుంది, మంచి ఆర్ట్ కాగితం 300 పైచిలుకు. ఫొటో అదే అయినా కాగితాన్ని బట్టి ఫైలు వేరుగా తయారుచేయాల్సి రావడానికి కారణం ఈ అంకెలే.

వానాకాలం ఇంకో పని కూడా చేస్తుంది. కాగితం తయారీలో నారలు ఎక్కువగా ఒకే దిక్కుకు పరుచుకుంటాయి. తేమ తగిలితే కాగితం నారకు అడ్డంగా సాగుతుంది. నాలుగు రంగులు విడివిడిగా పడేటప్పుడు షీటు వెంట్రుకవాసి సాగినా రంగు రంగు మీద కూర్చోదు. పుస్తకంలో నార వీపుకు సమాంతరంగా ఉంటే పేజీ మెత్తగా తిరుగుతుంది, అడ్డంగా ఉంటే పుస్తకం తెరిస్తే మూసుకుంటుంది, వీపు దగ్గర అలలు లేస్తాయి. కాగితం చింపి చూస్తే తెలిసిపోతుంది: నార దిక్కున నిటారుగా చిరుగుతుంది, అడ్డంగా వంకరపోతుంది.

ఇక డిజిటల్ ప్రింటులో రెండు రకాలు. లేజర్ మిషన్లో ఉండేది టోనర్, పొడి. దాన్ని వేడితో కరిగించి అతికిస్తారు, బయటికి రాగానే ఆరినట్టే. గట్టిగా మడత పెడితే మాత్రం ఆ గీత వెంట పెచ్చు లేస్తుంది. ఇంక్‌జెట్‌లో డై ఇంకు మెరుస్తుంది కానీ నీటిచుక్క పడితే కారిపోవచ్చు, వెలుతురుకు తొందరగా వెలుస్తుంది. పిగ్మెంట్ ఇంకు అంత మెరవదు, ఎక్కువ కాలం నిలుస్తుంది.

కథ, కధ అయ్యే చోటు

ఇంకు పూత లేని కాగితంలోకి దిగేటప్పుడు పక్కలకు కూడా కొంచెం పాకుతుంది. ప్రతి చుక్కా ఉండాల్సిన దానికంటే లావవుతుంది. దీన్ని డాట్ గెయిన్ అంటారు. ఇంగ్లిష్ అక్షరానికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. తెలుగుకు ఉంది. థ కు, ధ కు తేడా ఎక్కడుంది? పొట్టలో ఒక్క చుక్క. న్యూస్‌ప్రింట్ మీద చిన్న సైజులో ఆ పొట్ట పూడుకుపోతే అది థ నో ధ నో అచ్చు చూసి చెప్పలేం. ఠ పరిస్థితీ అంతే. ఒత్తులు పై వరుస కంటే చిన్నగా ఉంటాయి కాబట్టి అవి ఇంకా ముందే ముద్దవుతాయి. నల్లటి అడుగు మీద తెల్ల అక్షరాలు పెడితే వ్యవహారం తిరగబడుతుంది. చుట్టూ ఉన్న ఇంకు లోపలికి పాకి ఫ కింది గీతను మింగేస్తుంది, చదివేవాడికి ప కనిపిస్తుంది.

మరో తప్పు నలుపుతో వస్తుంది. డీటీపీలో, అంటే కంప్యూటర్ మీద పేజీ తయారుచేసేటప్పుడు, అక్షరం నల్లగానే కనిపిస్తుంది, కానీ ఫైలును బట్టి అది ఒక్క నల్ల ఇంకుతో పడవచ్చు, నాలుగు రంగులూ కలిసి పడవచ్చు. నాలుగూ కలిస్తే, ఇందాక చెప్పిన వెంట్రుకవాసి తేడా చాలు, ప్రతి ఒత్తు పక్కన గులాబి నీడ తేలుతుంది. పెళ్లికార్డుల్లో ముహూర్తం లైను మసకగా ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే.

తెలుపు మంచిదా, మీగడ రంగు మంచిదా?

దీనిమీద పట్టుదలలు ఎక్కువ. పుస్తకాలు చదివే అలవాటున్నవాళ్లు నేచురల్ షేడ్ వైపే ఉంటారు. ట్యూబులైటు కింద గంటసేపు చదివితే కళ్లకు హాయి అంటారు. తెల్ల కాగితం వాళ్ల వాదన కూడా తీసేసేది కాదు: మీగడ అడుగు మీద రంగుల ఫొటో వేస్తే చర్మం రంగు పచ్చగా కొడుతుంది, నీలం మాడుతుంది. నల్ల అక్షరమే ఉన్న పుస్తకానికి మొదటి మాట, రంగు బొమ్మలున్న పిల్లల పుస్తకానికి రెండోది సరిపోతుంది. హైబ్రైట్‌లో ఆ నీలపు తెలుపు చాలావరకు కలిపిన రసాయనం మెరుపు, బట్టలకు పెట్టే నీలం లాంటిదే. ఏళ్లు గడిస్తే ఆ మెరుపు తగ్గుతుంది.

ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది వేరే ప్రశ్న. హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం లాంటి పాత గ్రంథాలయాల్లో పుస్తకాలు తెరిచినవాళ్లకు తెలుసు, కొన్నిటి అంచులు అప్పడంలా విరుగుతాయి. లిగ్నిన్ ఒక కారణం. రెండోది, అప్పట్లో కాగితం తయారీలో పటిక వాడటం వల్ల మిగిలే ఆమ్లం. కాల్షియం కార్బొనేట్ కలిపి చేసే ఇప్పటి కాగితంలో ఆ ఆమ్లం బాధ తక్కువ. కాబట్టి మీగడ రంగు చూసి "ఇది అప్పుడే పాతబడ్డది" అనుకోవడం పొరపాటు. అది వేసిన రంగు.

జీఎస్టీ 18 అయ్యింది, కాబట్టి ఇంత పెరిగిందా?

ఈ మధ్య ప్రెస్సుల్లో వినపడే మాట ఇది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అచ్చుకు, రాతకు వాడే కాగితం మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. నోటుబుక్కుల మీద, వాటికి వాడే పూత లేని కాగితం మీద మాత్రం సున్నా చేశారు. అచ్చు పుస్తకం మీద ముందు నుంచీ సున్నానే. సున్నా వినడానికి బాగుంటుంది కానీ, అమ్మే వస్తువు మీద పన్ను లేకపోతే కొన్న కాగితం మీద కట్టిన పన్ను తిరిగి తీసుకునే వీలు లేదు. అది పుస్తకం ఖర్చులోనే కలిసిపోతుంది.

ఎంత కలుస్తుంది? మనం వేసుకున్న 9,300 రూపాయల కాగితం మీద 12 శాతం అయితే 1,116 రూపాయలు, 18 అయితే 1,674. తేడా 558, కాపీకి రూపాయి పన్నెండు పైసలు. కాగితం వరకు లెక్క ఇది.

కాపీల సంఖ్యతో వచ్చే తేడా దీనికంటే చాలా పెద్దది. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు, మిషన్ సిద్ధం చేయడం, ఈ ఖర్చు ఒక్క కాపీ వేసినా పడుతుంది. అది 18,000 అనుకుందాం, ఆ పైన కాపీకి 40. డిజిటల్‌లో ముందు ఖర్చు లేదు, కాపీకి 100. ఇవి అనుకున్న అంకెలే. 300 కాపీల దగ్గర రెండూ 30,000. వంద కాపీలే చాలంటే డిజిటల్ చవక, 500 కావాలంటే ఆఫ్‌సెట్.

కాక చివరికి మూడు కొటేషన్లనూ పక్కన పెట్టి నాలుగోది అడిగాడు. మాటలున్న 144 పేజీలు 70 నేచురల్ షేడ్, తొమ్మిది ఫారాలు. ఫొటోలన్నీ ఒకచోట చేర్చి మధ్యలో ఒక్క ఫారం, 16 పేజీలు, 90 మ్యాట్ ఆర్ట్. అచ్చుకు ముందు చూసుకునే నమూనా, లేజర్ ప్రూఫ్ ఇస్తే ఒప్పుకోలేదు. టోనర్ మీద అన్ని అక్షరాలూ బాగానే ఉంటాయి కదా, అసలు కాగితం మీద నాలుగు పేజీలు వేసి చూపించమన్నాడు. వేశారు. జేబులోంచి భూతద్దం తీసి మొదటి పేజీ మీద వంగాడు. కాసేపు ఏమీ అనలేదు.

"ఇగో, 'కోమటి చెరువు కథ'. చుక్క ఉన్నది" అని బొటనవేలితో రుద్దబోయాడు. మిషన్ దగ్గరి పిల్లవాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "సార్, ఇంకా ఆరలే. రేపు రాండ్రి."